చిట్టాను తాళం అనుకుంటే

"డొమైన్‌లో కలిపేశాం సార్, ఇక భయం లేదు."

ఈ మాట నేను మొదట విన్నది 2003లో, సికింద్రాబాద్‌లోని ఒక ఆఫీసులో. ముప్పైకి పైగా కంప్యూటర్లు, ఏసీ గదిలో కొత్తగా దించిన సర్వర్. దాని పక్కన నిలబడి ఆ మాటన్నది వెండర్ పంపిన కుర్రాడు. తలూపినవాణ్ణి నేను. ఇరవై ఏళ్ళు దాటాయి. సర్వర్లు మారాయి, విండోస్‌లు మారాయి, ఆ కుర్రాడు ఈపాటికి ఎక్కడో మేనేజరై ఉంటాడు. వాక్యం మాత్రం పొల్లు పోకుండా ఇంకా వినిపిస్తూనే ఉంది. కోచింగ్ సెంటర్లో మాస్టారు చెప్పేదీ అదే, కొటేషన్ పట్టుకొచ్చిన సేల్స్ మనిషి చెప్పేదీ అదే. ఆడిటర్ తెచ్చిన ప్రశ్నల కాగితంలో "యూజర్లంతా ఒకే డైరెక్టరీలో ఉన్నారా" అన్న గడిలో టిక్కు పడగానే సగం పరీక్ష పాసైపోయినట్టే లెక్క.

ఈ నమ్మకాన్ని విప్పి చూస్తే మూడు ముక్కలుంటాయి. నెట్‌వర్క్ అన్నాక డైరెక్టరీ ఉండి తీరాలి. డైరెక్టరీ అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ యాక్టివ్ డైరెక్టరీయే. అది ఉంటే ఇల్లు భద్రం. మొదటిది సగం నిజం, రెండోది అలవాటు, మూడోది అబద్ధం. అబద్ధంతోనే మొదలుపెడతాను.

డైరెక్టరీ అంటే చిట్టా. సంస్థలో ఎవరెవరున్నారు, ఏయే యంత్రాలున్నాయి, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఏ ప్రింటర్ ఎక్కడుంది అని రాసిపెట్టుకునే పుస్తకం. ఒకే చిట్టా కిందికి వచ్చే యూజర్లూ యంత్రాలూ కలిపితే డొమైన్. దాని పుట్టుపూర్వోత్తరాలు చూసినా ఇదే తేలుతుంది. 1988లో ఎక్స్.500 అనే ప్రమాణాన్ని తెచ్చినవాళ్ళు టెలిఫోన్ల లోకానికి చెందినవాళ్ళు. వాళ్ళ మనసులో ఉన్నది టెలిఫోన్ డైరెక్టరీ: ఎవరు ఎవరి పేరు వెతికినా చిరునామా దొరకాలి. అది బరువైన సరుకు, నాటి మామూలు పీసీలు మోయలేకపోయాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్ మరికొందరితో కలిసి దాన్ని తేలిక చేసి 1993లో ఎల్‌డ్యాప్‌గా తెచ్చారు. ఆ పేరులో మొదటి అక్షరానికి అర్థమే 'తేలికైన' అని. ఇవాళ యాక్టివ్ డైరెక్టరీ అయినా, ఓపెన్‌ఎల్‌డ్యాప్ అయినా, ఒకప్పటి నోవెల్ ఈడైరెక్టరీ అయినా ప్రశ్నలు వినేదీ జవాబులు చెప్పేదీ ఈ భాషలోనే.

యూనిక్స్ వీధిలో కథ ఇంకా సూటిగా ఉంటుంది. సన్ మైక్రోసిస్టమ్స్ తన డైరెక్టరీకి పెట్టిన మొదటి పేరు యెల్లో పేజెస్, అంటే పసుపు పుటలు. బ్రిటన్‌లో ఆ పేరు బ్రిటిష్ టెలికామ్ ట్రేడ్‌మార్కు కావడంతో ఎన్‌ఐఎస్ అని మార్చుకున్నారు. కమాండ్ల పేర్లు మాత్రం మారలేదు, ఇప్పటికీ వాటి ముందు 'వైపీ' అని ఉంటుంది. కాలేజీ ల్యాబుల్లో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళకి గుర్తుండాలి: ఏ విద్యార్థి అయినా 'వైపీక్యాట్ పాస్‌వర్డ్' అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ల్యాబులో ఉన్న అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లూ (పాస్‌వర్డ్‌ల గూఢరూపాలు) జలజలా తెర మీద రాలిపడేవి. ప్రిన్సిపాల్‌గారిదీ అందులోనే. అది ఎవరో చేసిన దొంగతనం కాదు. చిట్టా తన పని తాను చేసింది: అడిగినవాడికి చెప్పింది.

చెప్పడం కోసం పుట్టినదాన్ని దాచడానికి వాడుకోవడంలోనే తిరకాసు ఉంది. యాక్టివ్ డైరెక్టరీ 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో వచ్చింది. హ్యాష్‌లను ఎన్‌ఐఎస్‌లా బయట పెట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మిగతా పుస్తకం? అకౌంట్స్ విభాగంలో నెల కిందట చేరి బిల్లులు ఎక్కిస్తున్న ఉద్యోగి లాగిన్ తీసుకోండి. ఏ అధికారమూ లేని మామూలు లాగిన్. నల్లటి కమాండ్ తెర తెరిచి 'నెట్ గ్రూప్' అని, కొటేషన్లలో 'డొమైన్ అడ్మిన్స్' అని, చివర స్లాష్ పెట్టి 'డొమైన్' అని కొట్టండి. ఆ సంస్థ తాళంచెవులన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో పేర్లతో సహా వరుసగా వస్తుంది. ఏ సర్వర్ పేరేమిటి, ఎవరు చివరిసారి పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు, ఏ అకౌంటుకి పాస్‌వర్డ్ ఎప్పటికీ కాలం చెల్లదని పెట్టారు, అన్నీ చదువుకోవచ్చు. అంతేనా, ఎవరూ సెట్టింగు మార్చకపోతే ఆ ఉద్యోగి ఎవరినీ అడక్కుండా పది కంప్యూటర్ల దాకా డొమైన్‌లో చేర్చుకోవచ్చు. ఇదేమీ లోపం కాదు, డిఫాల్టు.

ఇంకో అడుగు వేద్దాం. బ్యాకప్ సాఫ్ట్‌వేరుకో డేటాబేసుకో సర్వీస్ అకౌంటు ఉంటుంది. ఆ సర్వీసుకి టికెట్ కావాలని డొమైన్‌లో ఎవరు అడిగినా డొమైన్ కంట్రోలర్, అంటే చిట్టాను ఉంచుకుని లాగిన్లు సరిచూసే సర్వర్, కాదనదు. ఆ టికెట్ సర్వీస్ అకౌంటు పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, తీరిగ్గా, ఎవరికీ శబ్దం వినిపించకుండా, ఆ ముడి విప్పే పాస్‌వర్డ్ దొరికేదాకా లక్షల పదాలు వేసి చూడొచ్చు. టిమ్ మెడిన్ అనే భద్రతా పరిశోధకుడు 2014లో ఈ పద్ధతిని బయటపెట్టి కెర్బరోస్టింగ్ అని పేరు పెట్టాడు. పదేళ్ళు దాటినా పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే విరిచింది ఏమీ లేదు. అడిగితే ఇవ్వడం ఆ వ్యవస్థ ధర్మం.

ఒక చోట నేను కళ్ళారా చూసిందొకటి చెప్పాలి. నగర శివారులో నాలుగు వందల కంప్యూటర్లున్న కంపెనీ, పేరు అనవసరం. రెండు రోజుల తనిఖీకి పిలిచారు. మొదటి రోజు మధ్యాహ్నం, ఇంకా టీ కూడా రాలేదు, మామూలు యూజర్ లాగిన్‌తో డైరెక్టరీలో అందరి వివరాలూ ఒక ఎక్సెల్ షీటులోకి దించి చూస్తున్నాను. యూజర్ పేరు పక్కన 'డిస్క్రిప్షన్' అనే గడి ఉంటుంది, ఏదన్నా గుర్తు రాసుకోవడానికి. స్కానర్ అకౌంటు పక్కన ఆ గడిలో ఆంగ్లంలో రాసి ఉంది: పాస్‌వర్డ్ ఇదీ, మార్చకండి, మారిస్తే స్కానింగ్ ఆగిపోతుంది. హెల్ప్‌డెస్కు కుర్రాళ్ళు మరిచిపోకుండా ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టాడు. ఆ స్కానర్ అకౌంటు ఏ గ్రూపులో ఉందో చూశాను. డొమైన్ అడ్మిన్స్. ఎందుకలా అని అడిగితే, "షేర్ ఫోల్డర్లోకి రాయడానికి పర్మిషన్ రావడం లేదు సార్, అందులో వేస్తే వచ్చింది" అన్నారు. నాలుగు వందల మందిలో ఎవరైనా ఆ గడి చదవొచ్చు. చదివితే కంపెనీ మొత్తం వాళ్ళది. ఇది విన్న డైరెక్టర్‌గారు నన్ను అనుమానంగా చూసి అడిగారు: "కానీ మనది డొమైనే కదండీ?"

ఆ 'కానీ' మీదే నా పోట్లాటంతా. గుమ్మానికి తాళం వేసి చెవిని ఆ గుమ్మానికే తగిలించి, పైగా దాని మీద చీటీ అంటించినట్టుంది ఆ వ్యవహారం. ఆ చీటీ అంటించే వీలిచ్చింది డైరెక్టరీయే. డైరెక్టరీ లేకుంటే ఆ పాస్‌వర్డ్ ఎవరి నోట్‌బుక్కులోనో ఉండేది, ఒక స్కానర్‌కే పనికొచ్చేది.

అలాగని డైరెక్టరీ దండగ అనడం లేదు. అలా అనేవాడు వర్క్‌గ్రూపుల కాలం చూడనివాడు. నలభై యంత్రాలుంటే నలభై చోట్లా విడివిడిగా యూజర్లు. ఒకాయన పాస్‌వర్డ్ మరిచిపోతే ఆయన సీటు దగ్గరికి పరుగు. ప్రింటర్ మారితే సీడీ పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరా పది నిమిషాలు. ఒకరు ఉద్యోగం మానేస్తే ఆయన పేరు ఎన్ని యంత్రాల్లో మిగిలిపోయిందో దేవుడికెరుక. డొమైన్ వచ్చాక ఒక్కచోట డిజేబుల్ నొక్కితే అన్నిచోట్లా తలుపు మూతపడుతుంది. పైన చెప్పిన టికెట్లు ఇచ్చే కెర్బరోస్ వల్ల పాస్‌వర్డ్ తీగల మీద ప్రయాణం చెయ్యదు. ఎంఐటీ వాళ్ళ ఎథీనా ప్రాజెక్టులో పుట్టిన ఆ పద్ధతి నిజంగా తెలివైనది. (గడియారం ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే అది మొండికేస్తుంది. సర్వర్‌ని, కేబుల్‌ని, వైరస్‌ని అనుమానించి చివరికి మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ దగ్గర తేలిన పూటలు నాకు బాగా గుర్తు.) గ్రూప్ పాలసీ ఒకటి రాస్తే వెయ్యి యంత్రాలు రాత్రికి రాత్రే ఒకే తీరుకి వస్తాయి. ఇవన్నీ లాభాలే, వీటికి డబ్బు పెట్టొచ్చు.

అయితే వీటిని సౌకర్యాలు అందాం, భద్రత అనొద్దు. వెయ్యి యంత్రాలకు ఒకే రాత్రిలో వాల్‌పేపర్ మార్చగలిగిన గ్రూప్ పాలసీ అదే రాత్రి వెయ్యి యంత్రాల ఫైళ్ళకూ తాళం వెయ్యగలదు. ర్యాన్సమ్‌వేర్ ముఠాలు ఇప్పుడు చేసేది అదే. వాళ్ళు ఇంటింటికీ తిరగరు. డొమైన్ కంట్రోలర్ దాకా వెళ్ళి, మన చేతే పంచిపెట్టిస్తారు.

మెర్స్క్ కథ చాలామంది విన్నారు గానీ, సగమే విన్నారు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాం ఉక్రెయిన్‌లో వాడే ఒక పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా బయల్దేరింది. డెన్మార్క్ నౌకా సంస్థ మెర్స్క్ నెట్‌వర్కులోకి చొరబడి, మెమరీలో దొరికిన లాగిన్లను ఎత్తుకుంటూ యంత్రం నుంచి యంత్రానికి దూకింది. ప్రపంచమంతటా ఉన్న ఆ సంస్థ రేవుల్లో కొన్నింట గేట్లు ఆగిపోయాయి, కంటైనర్ లారీలు బారులు తీరాయి. మరుసటి ఏడాది దావోస్‌లో ఆ సంస్థ ఛైర్మన్ స్వయంగా చెప్పిన లెక్క: 4,000 సర్వర్లు, 45,000 పీసీలు పది రోజుల్లో మళ్ళీ మొదటినుంచీ నిలబెట్టాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్ల మధ్య అని సంస్థే చెప్పుకుంది.

ఇది అందరికీ తెలిసిన సగం. నాకు ముఖ్యమైనది రెండో సగం. సర్వర్ల బ్యాకప్‌లు దొరికాయి. డొమైన్ కంట్రోలర్ బ్యాకప్ దొరకలేదు. సుమారు 150 డొమైన్ కంట్రోలర్లు ఉన్నాయి, ప్రతిదీ మిగతావాటికి నకలు. ఒకటి పోతే మరొకటి ఉంది కదా అన్న ధీమా. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ ఊహించలేదు. చిట్టా లేకపోతే మిగతా బ్యాకప్‌లున్నా ప్రయోజనం లేదు, ఎవరిని ఎక్కడికి రానివ్వాలో చెప్పేవాళ్ళు ఉండరు. ఇంగ్లండ్‌లో కూర్చున్న బృందం ప్రపంచమంతా ఫోన్లు చేసి చేసి చివరికి ఘానాలో ఒక్క డొమైన్ కంట్రోలర్ బతికుందని కనుక్కుంది. అది ఎందుకు బతికింది? ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది. నెట్‌వర్క్ నుంచి తెగిపోయి ఉంది కాబట్టి పురుగు దాన్ని తాకలేదు. ఘానా లైను మీద ఆ డేటా పంపాలంటే రోజులు పట్టేలా ఉంది. అక్కడి ఉద్యోగులకు బ్రిటన్ వీసా లేదు. ఒకరు హార్డ్ డిస్కు పట్టుకుని నైజీరియా విమానాశ్రయానికి వెళ్ళి మరొకరికి అందిస్తే, ఆయన లండన్ విమానం ఎక్కాడు. కరెంటు కోతను తిట్టుకోవడమే అలవాటైన మనకు ఇది వినడానికి కాస్త విడ్డూరంగా ఉంటుంది. లక్షల కోట్ల సరుకు తిప్పే సంస్థ ప్రాణం కొన్ని గంటలపాటు ఒకాయన చేతిసంచీలో ఉంది.

దీన్నిబట్టి డైరెక్టరీ చెడ్డదని నేను తేల్చడం లేదు. ఒకే చోట పెట్టుకోవడంలో ఉన్న సుఖానికి, ఒకే చోట పోగొట్టుకోవడంలో ఉన్న ప్రమాదానికి బిల్లు ఒకటేనని మాత్రం అంటున్నాను. కొటేషన్లో ఆ రెండో పద్దు రాసి తెచ్చిన సేల్స్ మనిషిని ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే జవాబు తెలుసు. "తప్పు వాడేవాడిది, డైరెక్టరీది కాదు. సరిగ్గా కాన్ఫిగర్ చేస్తే ఇవేవీ జరగవు." సగం ఒప్పుకుంటాను. స్కానర్‌ని అడ్మిన్ చేసినవాడి తప్పు సాఫ్ట్‌వేరు మీద వెయ్యలేం. కానీ 2020లో బయటపడ్డ జీరోలాగన్ సంగతేమిటి? డొమైన్ కంట్రోలర్‌కి సున్నాలతో నింపిన సందేశం పదే పదే పంపితే చాలు. సగటున 256 సార్లకు ఒకసారి అది నమ్మేస్తుంది. ఆ ఒక్కసారితో డొమైన్ మొత్తం చేతికొస్తుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని. దాని తీవ్రతకు పదికి పది మార్కులు వేశారు. అక్కడ ఏ అడ్మిన్ నిర్లక్ష్యమూ లేదు. అంతకుముందు గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో ఒక సదుపాయం ఉండేది. అన్ని యంత్రాలకూ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకేసారి పెట్టొచ్చు. ఆ పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, డొమైన్‌లో అందరూ చదవగలిగే ఫోల్డర్లో ఉంచేది. దాన్ని విప్పే తాళంచెవి? ప్రపంచమంతటికీ ఒకటే, మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే అచ్చేసి ఉంది. 2014 మే నెలలో ప్యాచ్ ఇచ్చి ఆ సదుపాయం తీసేశారు. తీసేసింది కొత్తవి పెట్టడాన్నే. పాత ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. తనిఖీలకు వెళ్ళినప్పుడు నేను మొదట వెతికేది ఇప్పటికీ వాటినే.

ఇక రెండో ముక్క, అలవాటు గురించి. యాక్టివ్ డైరెక్టరీ తప్ప గతి లేదన్న మాట ఎలా వచ్చింది? మెరుగైనది కాబట్టి గెలిచిందనుకుంటాం. కానీ దానికి ఏడేళ్ళు ముందే, 1993లో, నోవెల్ సంస్థ నెట్‌వేర్ 4తో పాటు ఎన్‌డీఎస్ తెచ్చింది. చెట్టులా కొమ్మలుగా అమరిన డైరెక్టరీ, ఏ సర్వర్లో మార్చినా మిగతావాటికి చేరే ఏర్పాటు, అన్నీ అందులో ఉన్నాయి. అప్పటికి విండోస్ ఎన్‌టీ డొమైన్లలో మార్పులన్నీ ఒకే ఒక్క ప్రైమరీ సర్వర్ మీదే చెయ్యాలి. నోవెల్ ఓడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, డైరెక్టరీ నాణ్యత మాత్రం అందులో లేదు. విండోస్ సర్వర్ కొంటే డైరెక్టరీ దాంతో పాటే వచ్చేసింది. ఎక్స్ఛేంజ్ 2000 మెయిల్ సర్వర్ కావాలంటే యాక్టివ్ డైరెక్టరీ పెట్టక తప్పదన్నారు. మెయిల్ కోసం వెళ్ళినవాడు చిట్టా కొనుక్కుని వచ్చాడు.

ఆ తర్వాత వేరేవాళ్ళ సర్వర్లు ఈ డైరెక్టరీతో మాట్లాడటానికి ఎంత పోరాటం జరిగిందో కూడా చెప్పుకోవాలి. విండోస్ సర్వర్లతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం ఇవ్వడం లేదని యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. కోర్టుల్లో నలిగి నలిగి 2007 చివర్లో, విండోస్ సర్వర్ల భాష మాట్లాడే సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు తరఫున 10,000 యూరోలు కట్టి ఆ కాగితాలు తెచ్చుకున్నారు. ఇంకో ఐదేళ్ళ పని తర్వాత, 2012 డిసెంబరులో, సాంబా 4 వచ్చింది. ఉచితంగా దొరికే ఆ సాఫ్ట్‌వేరుతో లినక్స్ యంత్రమే డొమైన్ కంట్రోలర్‌గా పనిచెయ్యగలదు. మన కోచింగ్ సెంటర్లలో ఎంతమంది దాని పేరు చెప్పారు?

అమీర్‌పేట ఊసెత్తకుండా ఈ అలవాటు లెక్క పూర్తికాదు. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల కింద ఎంసీఎస్‌ఈ అనే మైక్రోసాఫ్ట్ కోర్సు నేర్చుకుని బతుకులు దిద్దుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఆ వీధి మీద నాకు కృతజ్ఞత ఉంది. కానీ అక్కడ నేర్పింది ఏమిటి? రన్ బాక్సులో 'డీసీప్రోమో' కొట్టు, నెక్స్ట్ నెక్స్ట్ నొక్కు, రీస్టార్టు చెయ్యి, డొమైన్ పుట్టింది. పుట్టించడం అరగంటలో వచ్చేసింది. ఒక పుస్తకాన్ని తెరవడం నేర్పారు గానీ, పదేళ్ళ తర్వాత అందులో చెత్త పేరుకుపోతే ఏం చెయ్యాలో, కాలిపోతే ఎలా తిరగరాయాలో సిలబస్‌లో లేదు. అలా నేర్చుకున్న మేమే ఊరూరా డొమైన్లు పుట్టించుకుంటూ పోయాం.

ఫలితం చిన్న ఆఫీసుల్లో కనిపిస్తుంది. పన్నెండు మంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు, ఒకే సర్వర్. అదే డొమైన్ కంట్రోలర్, అదే ట్యాలీ నడిచే యంత్రం, దానికే వెనకాల పెన్‌డ్రైవ్ గుచ్చి బ్యాకప్. ట్యాలీ వాడాలి కాబట్టి అందరూ రిమోట్ డెస్క్‌టాప్‌లో అందులోకే వస్తారు, వచ్చేది అడ్మినిస్ట్రేటర్ పేరుతోనే. ఇలాంటిచోట డైరెక్టరీ ఏ మేలూ చెయ్యదు. పన్నెండు పేర్లకు పుస్తకం అక్కర్లేదు, కాగితం చాలు. ఒక్కొక్క యంత్రానికి వేరువేరు అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, బీరువాలో రాసి దాచుకుంటే ఆ డొమైన్ కన్నా క్షేమం. ఈ మాటంటే తోటి అడ్మిన్లు నన్ను పాతకాలపువాడిలా చూస్తారు, చూడనీ.

అవతలి శిబిరాన్ని కూడా వదలను. "లైసెన్సు డబ్బులు దండగ, ఓపెన్‌ఎల్‌డ్యాప్ పెట్టుకోండి, అన్నీ ఉచితం" అనేవాళ్ళున్నారు. ఓపెన్‌ఎల్‌డ్యాప్ ఇంజను మాత్రమే, కారు కాదు. దాని సెట్టింగులే ఒక డైరెక్టరీ చెట్టులో ఉంటాయి, వాటిని మార్చే టెక్స్ట్ ఫైల్లో వరుస మొదట ఒక్క ఖాళీ ఎక్కువైతే పై వరుసకు అతుక్కుపోయి అర్థమే మారిపోతుంది. కెర్బరోస్ మీరే తెచ్చి కలుపుకోవాలి, విండోస్ డెస్క్‌టాపులకు పాలసీలు ఉండవు. అది తెలిసిన ఒక్కడూ గచ్చిబౌలిలో మంచి జీతానికి వెళ్ళిపోతే తర్వాత వచ్చినవాడు ఆ సర్వర్‌ని ముట్టుకోవడానికి భయపడతాడు. లినక్స్ యంత్రాలే ఎక్కువున్న సంస్థకు రెడ్‌హ్యాట్ వాళ్ళ ఫ్రీఐపీఏ మంచి ఎంపిక. డైరెక్టరీ, కెర్బరోస్, డీఎన్ఎస్, సర్టిఫికెట్లు అన్నీ కలిపి కట్టి ఇస్తుంది. దానిక్కూడా చిట్టా రాసే మనిషి కావాలి.

ఈమధ్య నమ్మకానికి కొత్త చొక్కా తొడిగారు: "ఈ గొడవంతా ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేయండి." 2023లో అజూర్ యాక్టివ్ డైరెక్టరీ పేరు ఎంట్రా ఐడీగా మారింది. మంచి పనే, పాత పేరు తప్పుదారి పట్టించేది. అందులో పాత డైరెక్టరీ చెట్టు లేదు, గ్రూప్ పాలసీ లేదు, దానికదిగా ఎల్‌డ్యాప్ ప్రశ్నలకు బదులివ్వదు. వేరే సరుకు. రెండో గుర్తింపు అడగడం, వింత చోటు నుంచి లాగిన్ వస్తే ఆపడం వంటివి అక్కడ సులభం, నిజమైన మేలు కూడా. కానీ భయం పోయిందా? 2021 మార్చి 15న, అలాగే ఉంచాల్సిన ఒక సంతకపు కీని (లాగిన్లు అసలైనవేనని ముద్ర వేసే కీ) ఆటోమేటిక్ ప్రోగ్రాం పొరపాటున తీసేసింది. దాదాపు 14 గంటలు ప్రపంచవ్యాప్తంగా టీమ్స్, మెయిల్, అన్నింటి లాగిన్లకూ తిప్పలే. 2023లో ఇంకో సంగతి బయటపడింది: ఏకంగా ఒక సంతకపు కీనే దొంగలు సంపాదించారు. 2016లో తయారైన ఆ కీతో, అమెరికా ప్రభుత్వ శాఖలతో సహా 22 సంస్థల మెయిళ్ళు చదివారు. అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలి 2024లో ఇచ్చిన నివేదికలో, ఇది నివారించగలిగిందేనని తేల్చింది. మన సర్వర్ గదిలో పాడైతే మనం నిద్రమానుకుని బాగుచేసుకుంటాం. అక్కడ పాడైతే స్టేటస్ పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటాం.

పైగా పూర్తిగా క్లౌడ్‌కి వెళ్ళినవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు. పాత డొమైన్ కింద ఉంటుంది, కొత్తది పైన, రెంటినీ కలిపే సింక్ సర్వర్ మధ్యలో. కింది చిట్టాలోని చెత్త రోజూ పైకి ఎక్కుతుంది. స్కానర్ అకౌంటు కూడా మేఘాల్లోకి వెళ్తుంది.

అసలు ఖర్చు పెట్టాల్సింది ఎక్కడో ఎవరూ మాట్లాడరు. పల్లెల్లో కరణం దస్త్రాల కాలం గుర్తున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు: భూమి ఎవరిదన్నది పొలంలో కన్నా దస్త్రంలోనే తేలేది, దస్త్రం కరణం చేతిలో ఉండేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసింది, దస్త్రం అవసరం మాత్రం పోలేదు. మన కంపెనీల్లో ఆ దస్త్రం ఐటీ వాళ్ళ చేతిలో పెట్టాం. ఎవరు చేరారు, ఎవరు మారారు, ఎవరు వెళ్ళిపోయారు అన్న సంగతి తెలిసేది మాత్రం హెచ్‌ఆర్‌కి. ఈ ఇద్దరి మధ్య ఉత్తరం నడవదు. శుక్రవారం సాయంత్రం కేకు కోసి పంపించేసిన ఉద్యోగి అకౌంటు ఏడాది తర్వాత కూడా ఎనేబుల్డ్‌గా ఉంటుంది. నేను చూసిన ప్రతి తనిఖీలోనూ ఇది ఉంది, ఒక్కటీ మినహాయింపు లేదు. లైసెన్సుకి లక్షలు పెట్టే యాజమాన్యం, వారానికి ఒక పూట హెచ్‌ఆర్ జాబితానూ డైరెక్టరీ జాబితానూ పక్కపక్కన పెట్టి టిక్కులు పెట్టే ఒక గుమాస్తాకి జీతం ఇవ్వదు. నా దృష్టిలో డొమైన్ కంట్రోలర్ కన్నా ఆ గుమాస్తా ముఖ్యం.

డొమైన్ ఉన్నవాళ్ళు దాన్ని రేపే పీకెయ్యమని అనడం లేదు. అడ్మిన్ పనికి వేరే లాగిన్ వాడండి, దాంతో మెయిల్ చూడకండి. ఒక డొమైన్ కంట్రోలర్ బ్యాకప్ నెట్‌వర్కుకి తగలని చోట ఉంచండి, ఏడాదికోసారైనా దాంతో డొమైన్‌ని లేపి చూడండి. వీటన్నిటి కన్నా ముందు ఒక పని ఉంది.

ప్రతి యాక్టివ్ డైరెక్టరీలోనూ 'కేఆర్‌బీటీజీటీ' అనే అకౌంటు ఉంటుంది. డిజేబుల్ అయి ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లోపల పుట్టే ప్రతి కెర్బరోస్ టికెట్ మీదా ముద్ర దానిదే. ఆ అకౌంటు హ్యాష్ ఒకసారి బయటికి పోయిందా, ఎవరి పేరు మీదైనా దొంగ టికెట్లు అచ్చేసుకోవచ్చు. ఫ్రాన్స్‌కి చెందిన బెంజమిన్ డెల్పీ 2011లో విడుదల చేసిన మిమీక్యాట్జ్ అనే సాధనంతో ఆ పని చేసి చూపించారు కూడా. మిగతా పాస్‌వర్డులన్నీ మార్చినా ఆ టికెట్లు చెల్లుతూనే ఉంటాయి.

మీ ఆఫీసు అడ్మిన్‌ని అడిగి ఆ అకౌంటు పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మారిందో తేదీ చూపించమనండి. స్కానర్ కంపెనీలో నేను చూసినప్పుడు అది 2009, డొమైన్ పుట్టిన రోజు. మీ దగ్గరా అలాగే ఉంటే మార్పించండి. రెండుసార్లు మార్చాలి, ఎందుకంటే అది ముందరి పాస్‌వర్డ్‌ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. మొదటి మార్పు అన్ని డొమైన్ కంట్రోలర్లకూ చేరాక, కనీసం పది గంటలు ఆగి, రెండోది.